పచ్చికలో ఎండు మచ్చలు: నీటిని పెంచే ముందు సమతను కొలవాలి

వేసవి ప్రవేశించగానే విశ్వవిద్యాలయ ప్రాంగణాలలోను, కార్యాలయాల ముంగిళ్లలోను, నగర ఉద్యానవనాలలోను పచ్చిక బయళ్లు ఒకే రీతిగా ఎండిపోవు. కొంత భాగం పచ్చగానే నిలిచి ఉంటుంది. దాని నడుమ గోధుమ వన్నె మచ్చలు బయటపడతాయి. ఒకచోట కాలు మోపితే బురద తగులుతుంది. నాలుగు అడుగులు వేస్తే నేల గట్టిపడి, గడ్డి కరకరలాడుతుంది. ఈ స్థితిలో సాధారణంగా లభించే సలహా స్ప్రింక్లర్లను మరికొంతసేపు నడపమన్నదే. అది పూర్తిగా నిష్ఫలమైన సలహా కాదు. ఎక్కువసేపు నడిపితే ఎండిన మచ్చ కొంత కోలుకుంటుంది. ఆ కారణంగానే ఆ సలహా ఇంతకాలంగా చెలామణిలో ఉంది. అయితే ఎండిన పావు వంతును కాపాడడానికి మిగిలిన ముప్పావు వంతు అవసరానికి మించిన నీటిని త్రాగుతున్నదన్న సంగతి ఆ పచ్చదనం చాటున మరుగునపడుతుంది.

తుంపర పద్ధతిలో నీరు పొందే పచ్చికలో ఎండు మచ్చ కనిపించినప్పుడు, ఎంతసేపు నీరు ఇవ్వాలన్న ప్రశ్న కంటె ముందు ఎక్కడ ఎంత నీరు పడుతున్నదన్న ప్రశ్నకు కొలత ద్వారా సమాధానం రాబట్టాలి. నీటి పంపిణీ సమతను కొలవకుండా నీటి పరిమాణాన్ని సిఫారసు చేయడం శాస్త్రీయ విస్తరణ అనిపించుకోదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఈ విషయం అలంకార ఉద్యానాలకే పరిమితమైనది కాదు. పచ్చికలో గోధుమ మచ్చగా కంటికి కనిపించే లోపమే వేరుశనగ చేనులో దిగుబడి నష్టంగా, కంటికి కనబడకుండా కొనసాగుతున్నది.

మచ్చ రూపాన్ని చదవడం

ఎండిన ప్రతి మచ్చకు నీటి కొరతే కారణమని భావించరాదు. మచ్చ ఆకారం, అది ఏర్పడిన స్థానం కారణాన్ని చాలావరకు తెలియజేస్తాయి. నాలుగు స్ప్రింక్లర్ల నడుమ, అన్నింటికీ సమదూరంలో ఉన్న చోట మచ్చ ఏర్పడితే స్ప్రింక్లర్ల మధ్య దూరం అధికంగా ఉన్నదని లేదా పీడనం చాలడం లేదని అనుమానించాలి. ప్రతి స్ప్రింక్లరు చుట్టూ కొంత దూరం ఎండి, ఆపైన వలయాకారంగా పచ్చదనం ఉంటే పీడనం తక్కువైనదని భావించవచ్చు. గొట్టపు వరుస చివరి భాగంలో మచ్చలు వరుసగా ఉంటే మార్గమధ్యంలో పీడనం తగ్గుతున్నదని అర్థం. మూలలు, అంచులు మాత్రమే ఎండితే అక్కడ స్ప్రింక్లర్లు అమర్చకపోవడం ఒక కారణం. సిమెంటు కాలిబాట వేడిని ప్రక్క గడ్డిపైకి మళ్లించడం మరొక కారణం.

వీటిలో దేనితోనూ పొందిక లేని, క్రమం తప్పిన మచ్చలకు కారణాన్ని నేలలో వెదకాలి. నీటి ఎద్దడికి లోనైన గడ్డి మొదట నీలి బూడిద వన్నెకు తిరుగుతుంది. నడిచినప్పుడు పడిన అడుగుజాడలు వెంటనే చెరగవు. మచ్చలోని గడ్డిని పట్టి లాగినప్పుడు చాపవలె ఊడివస్తే వేరుపురుగు వేళ్లను కొరికివేసిందేమో పరిశీలించాలి. పొడవాటి స్క్రూడ్రైవరును నేలలోకి గుచ్చినప్పుడు కొద్ది లోతులోనే రాతికి తగిలినట్లు ఆగిపోతే, భవన నిర్మాణ సమయంలో పూడ్చిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు అడుగున ఉండవచ్చు. కొత్త ప్రాంగణాలలో ఇది అరుదైన విషయం కాదు. మచ్చలోని పొడి మట్టిపై ఒక నీటి బొట్టు వేసినప్పుడు అది 5 సెకన్లకు మించి ఇంకకుండా నిలిస్తే ఆ మట్టి నీటిని వికర్షించే గుణాన్ని సంతరించుకున్నదని గ్రహించాలి. అటువంటి చోట స్ప్రింక్లరును ఎంతసేపు నడిపినా నీరు ప్రక్కకు జారిపోతుంది. ముళ్లపారతో రంధ్రాలు చేయడం, పేరుకొన్న ఎండుగడ్డి పొరను తొలగించడం, అవసరమైతే తడి చేరడానికి తోడ్పడే ద్రావణాలను వాడడం అక్కడ తగిన పరిష్కారాలు.

ఈ పరీక్షలన్నీ అరగంటలో పూర్తవుతాయి. వీటి తరువాత కూడా అనుమానం నీటి పంపిణీపైనే నిలిస్తే, ఆ పంపిణీ తీరును అర్థం చేసుకోవడం అవసరం.

నీరు సమంగా పడకపోవడానికి కారణాలు

ఒంటరి స్ప్రింక్లరు ఏదీ తన వృత్తమంతటా నీటిని సమంగా పంచలేదు. సరైన పీడనంలో పనిచేస్తున్నప్పుడు కూడా దానికి దగ్గరలో ఎక్కువ నీరు, దూరం పెరిగే కొద్దీ తక్కువ నీరు పడుతుంది. వృత్తం అంచున దాదాపు ఏమీ పడదు. ఈ సహజ లోపాన్ని ప్రక్క స్ప్రింక్లరు పూరించాలి. అందువల్లనే పచ్చికలలో ఒక స్ప్రింక్లరు చిమ్మే నీరు తదుపరి స్ప్రింక్లరు పాదం వరకు చేరేలా, అనగా వాటి మధ్య దూరం చిమ్ము వ్యాసార్థానికి సమానంగా ఉండేలా అమర్చాలన్న నియమం ఏర్పడింది. రెండు వృత్తాల అంచులు కేవలం తాకితే చాలునని భావించి దూరాన్ని రెట్టింపు చేసిన చోట ఎండు మచ్చలు తప్పవు. స్ప్రింక్లర్ల సంఖ్యలో చేసిన ఆ పొదుపు, ఆపైన ప్రతి వేసవిలోను నీటి రూపంలో ఖర్చవుతుంది.

రెండవ కారణం పీడనం. నిలకడగా చిమ్మే చిన్న స్ప్రే తలలు సుమారు 2 బార్ల వద్ద, తిరిగే రోటార్లు సుమారు 3 బార్ల వద్ద సక్రమంగా పనిచేస్తాయి. పీడనం తగ్గితే నీటిధార తుంపరగా విడిపోదు. పెద్ద బిందువులుగా దూరాన వలయాకారంలో పడుతుంది. పీడనం మితిమీరితే నీరు మంచువలె సన్నబడి గాలికి కొట్టుకుపోతుంది. నాజిల్ నుండి వెలువడే ప్రవాహం పీడనపు వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. కనుక ఒక వరుసలో పీడనం 20 శాతం తగ్గితే ప్రవాహం సుమారు 10 శాతం తగ్గుతుంది. ఒకే వరుసలో పీడన వ్యత్యాసం 20 శాతానికి మించరాదన్న రూపకల్పన నియమానికి ఇదే ఆధారం. వాలు నేలలలో ప్రతి మీటరు ఎత్తుకు సుమారు 0.1 బారు పీడనం తగ్గుతుందన్న విషయాన్ని కూడా గణించాలి. 2 బార్ల వద్ద పనిచేసే స్ప్రే తలలకు 3 మీటర్ల ఎత్తు తేడా అంటే 15 శాతం పీడన నష్టం.

మూడవ కారణం పొందిక లేని పరికరాలను ఒకే వాల్వు క్రింద కలపడం. స్థిరమైన స్ప్రే తలలు గంటకు 40 మిల్లీమీటర్ల వరకు నీటిని కురిపిస్తాయి. రోటార్లు సాధారణంగా 10 నుండి 15 మిల్లీమీటర్లు మాత్రమే కురిపిస్తాయి. రెండింటినీ ఒకే వాల్వుపై 20 నిమిషాలు నడిపితే ఒకవైపు 13 మిల్లీమీటర్లు, మరొకవైపు 3 నుండి 5 మిల్లీమీటర్లు పడతాయి. రోటార్ల మధ్యనే కూడా ఇటువంటి తేడా రావచ్చు. పూర్ణవృత్తం తిరిగే రోటారుకు, మూలలో పావువృత్తం తిరిగే రోటారుకు ఒకే పరిమాణపు నాజిల్ బిగిస్తే, మూలలో పడే నీరు నాలుగు రెట్లవుతుంది. అర్ధవృత్తానికి ఆ ప్రవాహంలో సగం, పావువృత్తానికి నాలుగవ వంతు ఇచ్చే నాజిళ్లను ఎంపిక చేయాలి. విడి నాజిల్ ధర మొత్తం పరికరాల వ్యయంలో చాలా స్వల్పం. అయినా మరమ్మతు సమయంలో చేతికి దొరికిన నాజిల్‌నే బిగించడం ఆనవాయితీగా మారింది.

మిగిలినవి నిర్వహణ లోపాలు. బోరు నీటిలోని ఇసుక నాజిల్ రంధ్రాన్ని అరగదీసి పెద్దది చేస్తుంది లేదా మూసివేస్తుంది. గడ్డి కోత యంత్రం తగిలి స్ప్రింక్లరు ఒరిగిపోతుంది. నేల మట్టం పెరిగి స్ప్రింక్లరు లోతున పడిపోతుంది. చుట్టూ ఎదిగిన పొద నీటిధారకు అడ్డువస్తుంది. మధ్యాహ్నపు గాలిలో నడిపితే ఎంత చక్కటి అమరిక అయినా వికృతమవుతుంది. ఇవన్నీ తోటమాలి గమనించగలిగినవే. గమనించి నమోదు చేయవలసిన బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడమే అసలు కొరత.

డబ్బాల పరీక్ష

పంపిణీ సమతను కొలిచే పద్ధతి కొత్తది కాదు, ఖరీదైనదీ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జె. ఇ. క్రిస్టియాన్సెన్ 1942లో తుంపర సేద్యంపై ప్రచురించిన బులెటిన్‌లో సమత గుణకాన్ని ప్రతిపాదించాడు. డబ్బాలలో పట్టిన నీటి లోతుల సగటు నుండి ఒక్కొక్క కొలతకు గల తేడాలను, ధన ఋణ చిహ్నాలు విడిచి, కూడాలి. ఆ మొత్తాన్ని అన్ని కొలతల మొత్తంతో భాగించి, వచ్చిన భాగఫలాన్ని 1 నుండి తీసివేసి శాతంగా చెప్పాలి. తుంపర సేద్యంలో 85 శాతం గుణకాన్ని సంతృప్తికరంగా భావించడం పరిపాటి. పచ్చికలకు ఎక్కువగా వాడే మరొక సూచిక అడుగు పావు పంపిణీ సమత. కొలతలను ఆరోహణ క్రమంలో అమర్చి, తక్కువ నీరు పడిన నాలుగవ వంతు డబ్బాల సగటును మొత్తం సగటుతో భాగిస్తే ఇది లభిస్తుంది. ఎండు మచ్చలు ఏర్పడేది ఆ నాలుగవ వంతులోనే గనుక, ఈ సమస్యకు ఇదే సూటియైన కొలమానం.

పరీక్షకు కావలసినవి ఒకే కొలత గల 16 లేదా 24 డబ్బాలు, ఒక కొలజాడీ, గడియారం, టేపు మాత్రమే. డబ్బాలను స్ప్రింక్లర్ల మధ్య సమాన దూరాలలో గడులుగా అమర్చాలి. సాధారణంగా నీరు ఇచ్చే వేళలోనే, సాధారణ పీడనంలోనే పరీక్ష జరపాలి. గాలి తీరును నమోదు చేయాలి. ఒకే స్థలానికి రెండు వాల్వుల నుండి నీరు చేరుతున్నట్లయితే రెండింటినీ నడిపిన తరువాతనే కొలవాలి. డబ్బాలో పట్టిన నీటిని మిల్లీలీటర్లలో కొలిచి, డబ్బా మూతి వైశాల్యంతో భాగించి, 10తో గుణిస్తే లోతు మిల్లీమీటర్లలో వస్తుంది. మూతి వ్యాసం 10 సెంటీమీటర్లు ఉన్న డబ్బాలో ప్రతి 7.85 మిల్లీలీటర్లు 1 మిల్లీమీటరు లోతుకు సమానం.

గణనను స్పష్టం చేయడానికి ఒక ఉదాహరణ తీసుకొందాము. 30 నిమిషాల తరువాత 16 డబ్బాలలో వరుసగా 4, 5, 5, 6, 8, 9, 9, 10, 10, 11, 11, 12, 14, 15, 15, 16 మిల్లీమీటర్ల నీరు పట్టినదని అనుకొందాము. మొత్తం 160, సగటు 10. సగటు నుండి తేడాల మొత్తం 48. కనుక క్రిస్టియాన్సెన్ గుణకం 70 శాతం. తక్కువ నీరు పట్టిన నాలుగు డబ్బాల సగటు 5. కనుక అడుగు పావు సమత 50 శాతం.

ఈ సమత విలువ నీటి లెక్కను ఎలా మారుస్తుందో పరిశీలిద్దాము. 1998లో వెలువడిన ఆహార, వ్యవసాయ సంస్థ 56వ నీటిపారుదల పత్రం ఉష్ణకాలపు పచ్చిక గడ్డికి ఇచ్చిన పంట గుణకం 0.85. ప్రమాణ పంటకు రోజుకు 7 మిల్లీమీటర్ల నీరు కావలసిన వేసవి దినాన, గరిక జాతి పచ్చికకు కావలసినది సుమారు 6 మిల్లీమీటర్లు. మన ఉదాహరణలో సగటున గంటకు 20 మిల్లీమీటర్ల నీరు పడుతున్నది కనుక 18 నిమిషాలు చాలాలి. కాని ఎండిన పావు భాగంలో గంటకు 10 మిల్లీమీటర్లే పడుతున్నది. దానికి 6 మిల్లీమీటర్లు అందాలంటే 36 నిమిషాలు నడపాలి. అప్పుడు ఎక్కువ నీరు పడే పావు భాగానికి 18 మిల్లీమీటర్లు, అనగా అవసరానికి మూడింతలు చేరుతుంది. వెయ్యి చదరపు మీటర్ల పచ్చికకు 6,000 లీటర్లు కావలసిన చోట 12,000 లీటర్లు ఖర్చవుతుంది.

సమతను 75 శాతానికి పెంచగలిగితే అదే ఫలితానికి 8,000 లీటర్లు సరిపోతాయి. దినానికి 4,000 లీటర్లు, 90 రోజుల వేసవిలో 3,60,000 లీటర్లు మిగులుతాయి. నేలలో నీరు ప్రక్కలకు కొంత ప్రాకుతుందని, వేళ్లు కూడా ప్రక్క తడిని అందుకొంటాయని, కావున అడుగు పావు లెక్క అవసరాన్ని కొంత అధికం చేసి చూపుతుందని నిపుణులు చెప్పే అభ్యంతరం సమంజసమే. ఆ కారణంగానే నీరు ఇచ్చే కాలాన్ని నిర్ణయించడానికి అడుగు సగం డబ్బాల సగటును వాడే పద్ధతి కూడా ఉంది. పై ఉదాహరణలో అది 70 శాతం. ఆ లెక్క ప్రకారం కూడా 6,000కు బదులు సుమారు 8,600 లీటర్లు కావాలి. ఏ కొలమానాన్ని ఎంచుకొన్నా అసమత వల్ల కలిగే నష్టం చిన్నది కాదు.

సరిదిద్దే క్రమం

లోపం తెలిసిన తరువాత ఖర్చు లేని పనితో ఆరంభించి ఖర్చుతో కూడిన పనికి వెళ్లడం వివేకం. మొదట ఒరిగిన స్ప్రింక్లర్లను నిటారుగా నిలపాలి. లోతున పడినవాటిని పైకి తీయాలి, ఫిల్టర్లను కడగాలి, అడ్డువచ్చే కొమ్మలను కత్తిరించాలి. నాజిల్ అరిగినదీ లేనిదీ తెలుసుకోవడానికి, ఆ నాజిల్ అసలు పరిమాణం గల డ్రిల్ బిట్టు వెనుక భాగాన్ని రంధ్రంలో ఉంచి చూస్తే చాలు. వదులుగా కదిలితే నాజిల్‌ను మార్చాలి. ప్రవాహం తెలియడానికి నాజిల్‌కు గొట్టం తొడిగి నీటిని బకెట్టులోకి పట్టి, నిండే సమయాన్ని లెక్కించవచ్చు. నీరు ఇచ్చే వేళను గాలి తక్కువగా ఉండే తెల్లవారుజామునకు మార్చడానికి ఖర్చేమీ ఉండదు.

రెండవ దశలో పీడనాన్ని సరిచేయాలి. ఒకే వాల్వుపై స్ప్రింక్లర్లు అధికంగా ఉంటే పంపు శక్తి చాలదు. అటువంటప్పుడు పంపును మార్చడానికి ముందు వరుసను రెండుగా విభజించి వేర్వేరు సమయాలలో నడపడం మంచిది. పావు, అర్ధ, పూర్ణవృత్తాలకు పొందికైన నాజిళ్లను అమర్చడం, స్ప్రేలను రోటార్ల నుండి వేరు చేయడం కూడా ఈ దశలోనివే. స్ప్రింక్లర్ల మధ్య దూరమే అధికమైన చోట మాత్రం నాజిళ్లు మార్చి ప్రయోజనం లేదు. మరొక స్ప్రింక్లరును నిలపవలసిందే. ప్రతి మార్పు తరువాత డబ్బాల పరీక్షను మరల జరిపితేనే చేసిన పని ఫలించినదా లేదా తెలుస్తుంది.

నీరు ఇంకే వేగానికి మించి పడుతున్న చోట, ముఖ్యంగా తొక్కిడి వల్ల గట్టిపడిన నేలలలోను, వాలు నేలలలోను, సమంగా కురిసిన నీరు కూడా పల్లానికి జారి మచ్చలను సృష్టిస్తుంది. అక్కడ ఒకే విడతలో ఇచ్చే నీటిని, మధ్యలో ఇంకడానికి వ్యవధి ఇస్తూ, రెండు మూడు విడతలుగా ఇవ్వాలి.

ఇక్కడ మరొక విషయాన్ని నిర్మొహమాటంగా చెప్పవలసి ఉంది. స్ప్రింక్లరుతో సమంగా తడపడానికి వీలులేని ఆకృతులు కొన్ని ఉన్నాయి. రెండు రహదారుల నడుమ గల ఒక మీటరు వెడల్పు పట్టీలు, కోణాకారపు మూలలు, నిటారు వాలులు అటువంటివి. అక్కడ పచ్చికను పట్టుదలతో పెంచడం కంటె నేలపై ప్రాకే మొక్కలను లేదా పొదలను నాటి బిందు పద్ధతిలో నీరు ఇవ్వడం ఉచితం. బోరుబావులపై ఆధారపడిన మెట్ట ప్రాంతాలలో పచ్చిక విస్తీర్ణానికి హద్దు నిర్ణయించవలసినది సమంగా తడపగల సామర్థ్యమే.

ప్రాంగణం నుండి పొలానికి

ఉపశమన సూత్రాలు ఒకటే అయినప్పటికీ, రైతు పొలంలో ఈ లోపం మరింత ప్రమాదకరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ నీటిపారుదల పథకం ప్రారంభమైన నాటి నుండి సబ్సిడీపై స్ప్రింక్లరు సెట్లు గ్రామాలకు విస్తృతంగా చేరాయి. అనంతపురం ప్రాంతపు ఎర్ర నేలలలోను, నాగర్‌కర్నూలు, వనపర్తి ప్రాంతాల యాసంగి వేరుశనగలోను ఇవి సుపరిచితమైనవి. 6 మీటర్ల పొడవు గల గొట్టాలను కలుపుతూ సాధారణంగా 12 మీటర్ల ఎడంలో స్ప్రింక్లర్లను నిలుపుతారు. వరుసను కూడా 12 మీటర్ల చొప్పున జరపాలి.

అయితే గొట్టాలను మోసి జరపడం శ్రమతో కూడినది. కూలీ ఖర్చు, విద్యుత్తు అందే గంటల పరిమితి రైతును తొందరపెడతాయి. ఒక గొట్టం అదనంగా కలిపి వరుసను 18 మీటర్లకు జరిపితే జరుపుడుల సంఖ్య తగ్గుతుంది. చిమ్ము వ్యాసార్థం 12 మీటర్లు అనుకొంటే, 12 × 12 అమరికలో నాలుగు స్ప్రింక్లర్ల నడిబిందువు ఒక్కొక్క దానికి 8.5 మీటర్ల దూరంలో ఉంటుంది. నాలుగింటి నీరూ అక్కడికి చేరుతుంది. 12 × 18 అమరికలో ఆ దూరం 10.8 మీటర్లవుతుంది, అది ప్రతి వృత్తానికీ పలుచని అంచు భాగం. స్ప్రింక్లర్లను కూడా 18 మీటర్ల ఎడంలో నిలిపితే నడిబిందువు 12.7 మీటర్ల దూరానికి, అనగా నాలుగు వృత్తాలకూ వెలుపలికి పోతుంది. గాలి లేని వేళ కూడా అక్కడ ఒక్క చుక్క పడదు.

పచ్చికలో అయితే ఆ చోటు గోధుమ వన్నెకు తిరిగి హెచ్చరిస్తుంది. వేరుశనగలో పైకి ఆకు పచ్చగానే ఉండవచ్చు. ఊడలు దిగే దశలో పై మట్టి పొడిబారితే ఊడ నేలలోకి దిగడం కష్టమవుతుంది. కాయ ఊరే దశలో తడి చాలకపోతే గింజ నిండదు. నష్టం పంట పీకిన నాడుగాని బయటపడదు. అప్పుడు కూడా దానిని విత్తనానికో, తెగులుకో ఆపాదించే అవకాశమే ఎక్కువ. ప్రతి జరుపుడులోను అదే చోట లోటు పునరావృతమైతే ఆ నష్టం చేనంతటా గడులు గడులుగా పరచుకొంటుంది.

విస్తరణ వ్యవస్థ చేపట్టవలసినవి

సూక్ష్మ సేద్యపు ప్రగతిని ఇప్పుడు హెక్టార్లలో లెక్కిస్తున్నాము. ఎంత విస్తీర్ణంలో పరికరాలు అమర్చినదీ ఆ అంకె చెబుతుంది. అమర్చిన పరికరాలు నీటిని ఎంత సమంగా పంచుతున్నవో అది చెప్పదు. అమరిక జరిగిన చోట కనీసం నమూనాగా ఎంపిక చేసిన కొన్ని పొలాలలో డబ్బాల పరీక్ష జరిపి, హెక్టార్ల ప్రక్కన పంపిణీ సమతను కూడా నమోదు చేయడం అవసరం. సమత 50 శాతం ఉన్న సెట్టును, 80 శాతం ఉన్న సెట్టును ఒకే ప్రగతిగా లెక్కించడం పథకానికీ, రైతుకూ న్యాయం చేయదు.

అదే విధంగా నీటి సిఫారసుల భాష మారాలి. "ఇరవై నిమిషాలు నడపండి", "రెండు గంటలు నడపండి" అన్న సలహా, గంటకు ఎన్ని మిల్లీమీటర్లు పడుతున్నదో తెలియనప్పుడు అర్థరహితం. కావలసిన లోతును మిల్లీమీటర్లలో చెప్పి, ఆ పొలంలో లేదా ఆ పచ్చికలో అది ఎన్ని నిమిషాలవుతుందో అక్కడికక్కడే కొలిచి చూపడం విస్తరణ శాస్త్రవేత్త కర్తవ్యం. ఒకసారి డబ్బాలు పెట్టి చూసిన రైతుకు వేరే ఉపన్యాసం అక్కరలేదు. తన చేనులో ఒక డబ్బా నిండి ప్రక్క డబ్బా అడుగు మాత్రమే తడిసిన సంగతిని అతడు తన కళ్లతో చూస్తాడు.

విద్యార్థుల శిక్షణకు విశ్వవిద్యాలయ పచ్చికలే అనువైన ప్రయోగశాలలు. నీటిపారుదల ప్రయోగ తరగతులలో క్రిస్టియాన్సెన్ గుణకాన్ని సూత్రంగా నేర్పి, ఇచ్చిన అంకెలతో లెక్క చేయించి విడిచిపెట్టడం చాలదు. ప్రతి బృందం ప్రాంగణంలోని ఒక పచ్చికను ఎంచుకొని, డబ్బాలు అమర్చి, లోపాన్ని గుర్తించి, సరిదిద్ది, మరల కొలిచి, ముందు వెనుకల తేడాను నివేదించాలి. ఆ అనుభవంతో గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి వెళ్లిన విద్యార్థి, తాను బస చేసిన గ్రామంలో కనీసం ఒక స్ప్రింక్లరు సెట్టును పరీక్షించి రైతుకు ఫలితాన్ని వివరించగలడు. దీనికి కొత్త నిధులు అవసరం లేదు, ఖాళీ డబ్బాలు చాలు.

దీనిపై రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, పంటలకే నీరు చాలని ప్రాంతాలలో పచ్చికల గురించి శాస్త్రవేత్తలు కాలం వెచ్చించడం సబబేనా అన్నది. పచ్చికలు ఉన్నంతకాలం అవి నీటిని వాడుకొంటూనే ఉంటాయి. వాటి దుబారాను అరికట్టడం కూడా జల సంరక్షణలో భాగమే. పైగా రైతుకు నీటి పొదుపు బోధించే సంస్థల ప్రాంగణాలలోనే ఒక మూల మడుగు, మరొక మూల ఎండు మచ్చ ఉంటే ఆ బోధనకు విలువ ఎక్కడ ఉంటుంది? రెండవ అభ్యంతరం, క్షేత్ర సిబ్బందిపై ఇప్పటికే ఉన్న పనిభారం. ఇది వాస్తవమే. అందువల్లనే ప్రతి పొలంలో కాక, నమూనా పొలాలలో, విద్యార్థుల తోడ్పాటుతో ఈ పరీక్ష జరపాలన్నది ప్రతిపాదన. ఒక పరీక్షకు పట్టే కాలం ఒక పూటకు మించదు. సరిదిద్దిన అమరిక ఫలం ఆ పరికరాల జీవితకాలమంతా దక్కుతుంది.

తుంపర సేద్యం వానను అనుకరించే ప్రయత్నం. వాన ఒక మడిపై పడి ప్రక్క మడిని విడిచిపెట్టినప్పుడు మానవుడు చేయగలిగినది లేదు. స్ప్రింక్లరు విడిచిపెట్టిన చోటును మాత్రం గుర్తించవచ్చు, కొలవవచ్చు, సరిదిద్దవచ్చు. ఇకపై ఎండు మచ్చ గురించి సలహా కోరి వచ్చినవారికి, అది పచ్చిక అయినా వేరుశనగ చేను అయినా, వాల్వు తిప్పే సమయాన్ని చెప్పడానికి ముందు 16 డబ్బాలు అమర్చమని చెప్పడం మన విస్తరణ విధానంలో మొదటి మెట్టు కావాలి.